మాచర్ల తండా నుంచి 181కి ఫోన్ చేస్తే కదిలేదెవరు? గృహహింస బాధితుల వెనుక నిలబడే ఉద్యోగుల గురించి మీకెంత తెలుసు?

పల్నాడు, హింస. ఈ రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? చాలామందికి 2024 మే 13 గుర్తొస్తుంది. పోలింగ్ రోజున, ఆ తర్వాతి రోజుల్లో మాచర్ల, నరసరావుపేటల్లో జరిగిన గొడవలు, 144 సెక్షన్, సిట్ విచారణ. ఆ వీడియోలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి.

అదే పల్నాడులో, తలుపు వేసి ఉన్న ఇంట్లో జరిగే హింసకు వీడియో ఉండదు. దాని మీద సిట్ వేయరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత మహిళల్లో 30 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నారు. ప్రతి పది మందిలో ముగ్గురన్నమాట. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. కొన్ని కారణాలకు భర్త భార్యను కొట్టడం సబబేనని ఏపీలో దాదాపు 84 శాతం మంది మహిళలే చెప్పారు. ఈ రెండో అంకెను చదివి ఊరికే పక్కన పెట్టేయకండి. ఈ రంగంలో పనిచేసే ఉద్యోగి రోజూ ఉదయం ఆఫీసుకు వచ్చి తలపడేది దానితోనే.

ఏటా మార్చి 8న, నవంబర్ 25న (మహిళలపై హింస నిర్మూలన దినం) ఈ ఉద్యోగుల్లో కొందరిని వేదిక మీదకు పిలిచి శాలువా కప్పుతారు. ఫొటో తీస్తారు. మర్నాటికి ఆ ఫొటో ఎవరికీ గుర్తుండదు. వాళ్లు చేసే పని ఏమిటి, ఏ చట్టం వాళ్లకు ఏ అధికారం ఇచ్చింది, ఎక్కడ వాళ్ల చేతులు కట్టేసి ఉన్నాయన్నది మాత్రం ఆ వేదిక మీద ఎవరూ చెప్పరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం

మాచర్ల దగ్గర ఒక లంబాడీ తండా అనుకోండి. ఒక మహిళ చేయి విరిగి ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చింది. ‘‘మెట్ల మీద కాలు జారింది’’ అంటోంది. ఇల్లు చూస్తే ఒకటే గది, మెట్లే లేవు. ఈ కథను మొదట అనుమానించాల్సింది డ్యూటీ డాక్టర్, కట్టు కట్టే నర్సు. తండాలో ఆమె ముఖం రోజూ చూసే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, సచివాలయంలోని మహిళా పోలీసు అయితే ఇంకా ముందే పసిగట్టి ఉండొచ్చు. (2019లో గ్రామ మహిళా సంరక్షణ కార్యదర్శులుగా రాష్ట్రమంతటా దాదాపు 15 వేల మందిని తీసుకుని, తర్వాత మహిళా పోలీసులని పేరు మార్చింది వీళ్లకే.)

గృహహింస చట్టం 2005లో వచ్చింది. అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్ 26న. అందులో 4వ సెక్షన్ చిన్నదే కానీ చాలా పనికొచ్చేది. హింస జరిగిందని, జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. నర్సు ఇవ్వొచ్చు, పక్కింటివాళ్లు ఇవ్వొచ్చు, మీరూ ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ కేసూ నిలవదు. ‘‘మనకెందుకు, రేపు వాళ్లిద్దరూ కలిసిపోతే మనమే చెడ్డవాళ్లం’’ అనే భయానికి చట్టం ఇచ్చిన సమాధానం ఇది. కలిసిపోయినా మీ మీద కేసు రాదు. మాటలు పడాల్సి రావచ్చు, అది వేరే సంగతి.

సరే, ఆ నర్సు 181కి ఫోన్ చేసింది. మహిళల హెల్ప్‌లైన్ అది. రోజంతా, రాత్రి కూడా పనిచేస్తుంది. అటువైపు ఫోన్ ఎత్తిన ఉద్యోగిని ముందు అడగాల్సింది ‘‘ఏం జరిగింది’’ అని కాదు. ‘‘ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా? మీ పక్కన ఎవరైనా ఉన్నారా?’’ అని. ప్రాణాపాయం ఉంటే కాల్ పోలీసులకు, అంటే 112కు వెళ్తుంది. లేకపోతే సఖి వన్ స్టాప్ సెంటర్‌కు కలుపుతారు.

సఖి సెంటర్ అంటే ఏమిటి?

2012 డిసెంబర్‌లో ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2013లో కేంద్రం నిర్భయ నిధిని ఏర్పాటు చేసింది. ఆ నిధితో 2015 ఏప్రిల్ 1 నుంచి వన్ స్టాప్ సెంటర్ల పథకం మొదలైంది. మొట్టమొదటిది రాయ్‌పూర్‌లో తెరిచారు. ఇప్పుడు దేశంలో 800కు పైగా సెంటర్లు ఉన్నాయి. 10 లక్షలకు పైగా మహిళలకు సాయం అందిందని కేంద్రం లెక్క చెబుతోంది. ప్రస్తుతం ఈ పథకం ‘మిషన్ శక్తి’లో భాగం.

దీని వెనుక ఉన్న ఆలోచన తేలికైనదే. దెబ్బలు తిన్న మనిషిని ఆసుపత్రికి ఒకసారి, స్టేషన్‌కు ఒకసారి, లాయర్ దగ్గరికి ఒకసారి, ఐసీడీఎస్ ఆఫీసుకు ఒకసారి తిప్పకూడదు. తిప్పితే ఏమవుతుందో మనకు తెలుసు. రెండో ఆఫీసు దగ్గరే ఆగిపోయి ఇంటికి వెళ్లిపోతుంది. అందుకే వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, ఐదు రోజుల వరకు తలదాచుకునే వసతి ఒకే కప్పు కింద ఉండాలన్నారు. ఐదు రోజులు చాలకపోతే అక్కడి నుంచి ప్రభుత్వ వసతి గృహానికి పంపిస్తారు. సెంటర్‌ నిర్వహణ కమిటీకి జిల్లా కలెక్టరే అధ్యక్షుడు.

సెంటర్‌లో ఒక అడ్మినిస్ట్రేటర్, కేస్ వర్కర్లు, కౌన్సెలర్, పారామెడికల్ సిబ్బంది, ఐటీ ఉద్యోగి, సెక్యూరిటీ, సహాయకులు ఉంటారు. వీళ్లందరి ఉద్యోగం కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇందులో కేస్ వర్కర్ పని ఎవరికీ పెద్దగా అర్థం కాదు. బాధితురాలు తన కథ వరుసగా చెప్పదు. మొదటి గంటలో అసలేమీ చెప్పకపోవచ్చు. పిల్లల స్కూలు గురించి, మిరప కల్లం గురించి, అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంది. అసలు విషయం ఆ మాటల మధ్యలో ఎక్కడో దొర్లుతుంది. దాన్ని పట్టుకుని, కాగితం మీద చట్టానికి అర్థమయ్యే భాషలో రాయాలి. మాచర్ల, వెల్దుర్తి వైపు తండాల నుంచి వచ్చినవారైతే ఆ మాటలు లంబాడీలో ఉంటాయి. ఆ భాష రాని కేస్ వర్కర్ పక్కన కూర్చున్న బంధువును అనువాదం అడిగితే? ఆ బంధువు భర్త వైపు మనిషైతే? శిక్షణ పొందిన మనిషికీ, మంచి మనసు మాత్రమే ఉన్న మనిషికీ తేడా ఇలాంటి చోట బయటపడుతుంది.

ప్రొటెక్షన్ ఆఫీసర్: పేరు విన్నారా?

గృహహింస చట్టంలో అన్నిటికంటే కీలకమైన మనిషి రక్షణ అధికారి, అంటే ప్రొటెక్షన్ ఆఫీసర్. సర్పంచ్ పేరు, ఎస్ఐ పేరు తెలిసినవారు కూడా ఈ అధికారి ఎవరో చెప్పలేరు. అది మన తప్పు కాదు. ఆ పేరును జనంలోకి తీసుకెళ్లే పని ఎప్పుడూ సరిగా జరగలేదు.

ఈ అధికారి చేయాల్సిన పని చూడండి. ఫిర్యాదు రాగానే గృహహింస ఘటన నివేదిక (డీఐఆర్) తయారుచేసి మేజిస్ట్రేట్‌కు పంపాలి. కాపీ స్థానిక పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది. గాయాలుంటే వైద్య పరీక్ష చేయించాలి. అడిగితే సురక్షితమైన వసతి చూపాలి. ఉచిత న్యాయ సాయం అందేలా చూడాలి. కోర్టు నోటీసును గరిష్ఠంగా రెండు రోజుల్లో అవతలి వ్యక్తికి అందజేయాలి. కోర్టు భరణం ఇవ్వమంటే అది అమలయ్యేలా చూడాలి. రక్షణ ఉత్తర్వులో మేజిస్ట్రేట్ అప్పగించిన పని సరైన కారణం లేకుండా చేయకపోతే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా అని 33వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ కేసు పెట్టడం కుదరదన్నది వేరే సెక్షన్.

మరి ఇంత బాధ్యత ఎవరికి ఇచ్చారు? మన రాష్ట్రంలో మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారికి, జనం నోట ‘ఐసీడీఎస్ పీడీ’కి. జిల్లాలోని అంగన్‌వాడీలు, పోషకాహారం, బాల్య వివాహాలు, పిల్లల రక్షణ, సమీక్షా సమావేశాలు అన్నీ చూసే ఆ అధికారికే దీన్నీ అప్పగించారు. అసలు పని కింద ఉండే లీగల్ కౌన్సెలర్, సోషల్ కౌన్సెలర్ చేతుల మీదుగా నడుస్తుంది. పల్నాడు జిల్లా గుంటూరు నుంచి విడిపోయింది 2022 ఏప్రిల్ 4న. అప్పటి నుంచి జిల్లా కేంద్రం నరసరావుపేట. గుంటూరుతో పోలిస్తే దగ్గరైంది, నిజమే. కానీ మాచర్ల నుంచి నరసరావుపేటకు కూడా 70 కిలోమీటర్ల పైమాటే. చేతిలో డబ్బు లేని మనిషికి, చంకలో బిడ్డతో, ఆ దూరం రానూపోనూ ఒక రోజు కూలి పోవడంతో సమానం.

సుప్రీంకోర్టు 2025 మే 20న ఒక తీర్పులో దీన్నే పట్టించుకుంది. ‘వి ద విమెన్ ఆఫ్ ఇండియా’ అనే సంస్థ వేసిన కేసు అది. జిల్లా స్థాయిలోనే కాదు, తాలూకా స్థాయిలోనూ రక్షణ అధికారులను గుర్తించి నియమించాలని, ఇంకా నియమించని చోట ఆరు వారాల్లో పూర్తి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. చట్టానికి ప్రచారం కల్పించాలని కూడా చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చిన పద్దెనిమిదేళ్లకు, దాన్ని అమలు చేసే మనుషులను పెట్టండని కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, శాలువాలు కప్పిన చేతులు ఈ సంగతి కూడా ఆలోచించాలి కదా.

ఒక మాట మాత్రం రక్షణ అధికారులకు అండగా ఉంది. 30వ సెక్షన్ ప్రకారం వాళ్లు పబ్లిక్ సర్వెంట్లు. గుర్తింపు పొందిన సేవా సంస్థల సభ్యులకు కూడా ఈ చట్టం కింద పనిచేస్తున్నప్పుడు అదే హోదా ఉంటుంది. ‘‘మా ఇంటి విషయంలో నువ్వెవరివి’’ అని గుమ్మంలో అడ్డుపడేవాడు ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డుపడుతున్నట్టే లెక్క.

‘పెద్దల్లో పెట్టడం’, కౌన్సెలింగ్ ఒకటేనా?

కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. పెద్దల్లో పెడితే సాధారణంగా ఏం జరుగుతుంది? ఇద్దరినీ కూర్చోబెడతారు. ‘‘వాడు తాగాడు, తప్పే. నువ్వు కూడా నోరు అదుపులో పెట్టుకోవాలి కదమ్మా’’ అంటారు. తప్పును చెరి సగం పంచుతారు. ఆమె వెనక్కి వెళ్తుంది. కొన్ని స్టేషన్లలో జరిగే ‘కౌన్సెలింగ్’ కూడా దీనికి పెద్ద తేడాగా ఉండదు.

చట్టం చెప్పే కౌన్సెలింగ్ వేరు. మేజిస్ట్రేట్ ఆదేశిస్తేనే అది జరుగుతుంది. కౌన్సెలర్‌కు తగిన అర్హత, అనుభవం ఉండాలి. అవతలి పక్షం తరఫున వాదించిన లాయర్ కౌన్సెలర్‌గా ఉండకూడదు. అన్నిటికీ మించి, 2006 నిబంధనల్లో 14వది ఒక మంచి మాట చెబుతుంది: కౌన్సెలింగ్‌లో తాను ఎందుకు కొట్టాడో సమర్థించుకునే అవకాశం అతనికి ఇవ్వకూడదు. కూర వేడిగా లేదని, ఫోన్ ఎత్తలేదని, పుట్టింటికి చెప్పకుండా వెళ్లిందని... ఇవేవీ అక్కడ వాదనగా చెల్లవు. మళ్లీ హింస జరగదన్న హామీ అతని నుంచి తీసుకోవడంతోనే పని మొదలవుతుంది. నా అభిప్రాయంలో ఈ ఒక్క నిబంధనను ప్రతి స్టేషన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. కొట్టడం సబబేనని 84 శాతం మంది చెప్పిన రాష్ట్రంలో దీన్ని గట్టిగా పట్టుకుని కూర్చునే కౌన్సెలర్‌కు రెండు వైపుల బంధువులూ శత్రువులే.

కోర్టు ఏం ఇవ్వగలదు?

ఇది క్లుప్తంగా చెబుతాను. దరఖాస్తు అందాక మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లోపు ఉండాలి. ఆ తేదీ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి (ఆచరణలో చాలా ఎక్కువ పడుతుంది, వాయిదాల సంగతి మీకు తెలిసిందే). ఈలోగా అఫిడవిట్ ఆధారంగానే, అవతలి వ్యక్తి రాకపోయినా, మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వొచ్చు. ఆమె జోలికి వెళ్లవద్దని, ఇంట్లోంచి గెంటవద్దని, అవసరమైతే అతన్నే ఇల్లు ఖాళీ చేయమని, స్త్రీధనం తిరిగి ఇవ్వమని, నెలనెలా డబ్బు ఇవ్వమని, పిల్లల తాత్కాలిక సంరక్షణ ఆమెకేనని. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆమె అక్కడ కాపురం ఉన్నట్టయితే నివాస హక్కు కోరవచ్చని 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సతీష్ చందర్ అహూజా కేసులో చెప్పింది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు శిక్ష, అదీ నాన్ బెయిలబుల్.

పల్నాడుకు ప్రత్యేకంగా పనికొచ్చే సెక్షన్ 27. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో ఇక్కడికి వలస వస్తారు. పొలం గట్టు మీద గుడారాల్లో ఉంటారు. అలా వచ్చిన మహిళ కేసు వేయాలంటే సొంత ఊరికి వెళ్లాల్సిన పని లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోట, పనిచేస్తున్న చోట కూడా వేయొచ్చు. గురజాల కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. లాయర్ ఫీజు భయం కూడా అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం హక్కు. నంబర్ 15100.

క్రిమినల్ కేసు దీనికి అదనం. పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ (2024 జులై 1 నుంచి). రెండూ ఒకేసారి నడపొచ్చు.

మరి గౌరవం సంగతి?

తెలుగునాట ఈ రంగంలో పనిచేసి జాతీయ గుర్తింపు పొందినవారు లేకపోలేదు. హైదరాబాద్‌లో ‘ప్రజ్వల’ సంస్థను నడిపే సునీతా కృష్ణన్‌కు 2016లో పద్మశ్రీ వచ్చింది. అత్యాచార వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని ఆమె 2015లో సుప్రీంకోర్టుకు రాసిన లేఖ కేసుగా మారింది. మీరు ఇప్పుడు సైబర్ ఫిర్యాదు చేసే జాతీయ పోర్టల్ రావడానికి ఆ కేసు ఒక కారణం. అలాంటి గుర్తింపు రావాల్సిందే.

కానీ కేస్ వర్కర్ విషయంలో ఒక చిక్కు ఉంది. అవార్డుకు దరఖాస్తు చేయాలంటే ‘విజయగాథ’ కావాలి. పేరు, ఊరు, ఫొటో, ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా మారింది. ఆమె ఉద్యోగమే ఆ కథ బయటకు చెప్పకుండా ఉండటం. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి గుర్తింపు వెల్లడించడం నేరం కూడా. బాగా పనిచేసిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు. జరగని హత్యకు ఫొటో ఉండదు, ఎఫ్ఐఆర్ ఉండదు. కాబట్టి వేదిక మీదకు ఎక్కేది తరచూ అంకెలు బాగా చూపించిన ఆఫీసే. ‘‘ఇన్ని జంటలను కలిపాం’’ అన్నది ఆ అంకెల్లో అందరికీ నచ్చేది. కలిపిన తర్వాత ఆరు నెలలకు ఆ ఇంటికి ఎవరైనా వెళ్లి చూశారా అన్నది ఏ పట్టికలోనూ ఉండదు.

వీళ్లకు నిజంగా పనికొచ్చే గౌరవం వేరేలా ఉంటుంది. జీతం నెల మొదటివారంలో పడటం. కాంట్రాక్టు ఏటా పొడిగిస్తారో లేదోనన్న బెంగ లేకపోవడం. నాలుగేళ్లు పనిచేసి ఈ విద్య నేర్చుకున్న కౌన్సెలర్ వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, ఆమెను నమ్మి వచ్చిన మహిళ తన కథ మళ్లీ మొదటి నుంచి కొత్త మనిషికి చెప్పాలి. చాలామంది చెప్పరు. రాత్రి పూట తండాకు వెళ్లడానికి వాహనం ఉండటం, వెంట ఒక కానిస్టేబుల్ ఉండటం. తర్వాత, ఎవరూ మాట్లాడనిది: రోజుకు ఐదారు గంటలు ఇలాంటి మాటలు వినే మనిషికి నిద్ర పట్టదు. ఆ బరువు దించుకోవడానికి ఆమెకూ ఒక నిపుణుడు కావాలి, నెలకు ఒక్కసారైనా. డాక్టర్లకు మాస్కు, గ్లోవ్స్ ఇచ్చినట్టే ఇది వీళ్ల పనిముట్టు. తాలూకా స్థాయి రక్షణ అధికారి సొంతంగా ఒక కుర్చీతో మాచర్లలోనో గురజాలలోనో కూర్చుంటే, మాచర్ల మహిళకు ఒక రోజు కూలి మిగులుతుంది.

మీరు పట్టణంలో ఉండి ఇది చదువుతున్నారు. మీ అపార్ట్‌మెంట్‌కు ఎప్పుడైనా ఒక కేస్ వర్కర్ వచ్చి పై ఫ్లాట్ గురించి అడిగితే, ‘‘మాకేం తెలియదండీ’’ అని తలుపు వేయకుండా విన్నది విన్నట్టు చెప్పండి.

ఫోన్ గురించి రెండు జాగ్రత్తలు. ఇంట్లో ఫోన్ తనిఖీ చేస్తారన్న భయం ఉంటే 181కి మీ ఫోన్ నుంచి కాకుండా నమ్మకమైన వారి ఫోన్ నుంచి, లేదా ఆసుపత్రి, సచివాలయం నుంచి చేయండి. చేస్తే కాల్ లిస్ట్ చూసుకోండి. ఏపీ పోలీసుల శక్తి యాప్ (2025 మార్చిలో వచ్చింది) వేసుకోవాలనుకున్నా ఇదే జాగ్రత్త, ఫోన్ తెరిచినవారికి ఆ గుర్తు కనిపిస్తుంది. గాయాల ఫొటోలు తీసి మీ ఫోన్‌లో దాచుకోవద్దు, నమ్మకమైన వారికి పంపి మీ దగ్గర తీసేయండి. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాల జిరాక్సులు పుట్టింట్లోనో స్నేహితురాలి దగ్గరో ఒక సెట్ ఉంచండి. బాధపడుతున్నది పిల్లలైతే నంబర్ 1098.